హార్ట్ ట్రోఫీ ఎవరికి ఇవ్వాలి: గోలీకా, గోల్ కొట్టేవాడికా, పాస్ ఇచ్చేవాడికా?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో కొత్తగా చెప్పక్కర్లేదు. డాలస్ స్టార్స్ ఐస్ హాకీ జట్టు ప్రాక్టీస్ రింక్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది. పిల్లల్ని స్కేటింగ్ క్లాసులో దింపి, చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని అద్దం ఇవతల నిలబడి చూస్తూ చూస్తూ ఈ ఆట పిచ్చిలో పడ్డవాళ్ళలో నేనొకణ్ణి. ఇంటికి ఫోన్ చేసి హాకీ చూస్తున్నానంటే నాన్న ఇప్పటికీ ధ్యాన్‌చంద్ గురించి మొదలుపెడతారు. ఇది ఆ హాకీ కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను.

ప్రతి ఏప్రిల్‌లో మా వాట్సాప్ గ్రూపులో ఒకటే రగడ: ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈసారి హార్ట్ ట్రోఫీ ఎవరికి రావాలి? అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు ఎవరు? కొత్తగా ఆట చూడటం మొదలుపెట్టినవాళ్ళు పాయింట్ల పట్టిక తెరిచి పైనున్న పేరు చెప్పేస్తారు. పట్టికలో మొదటివాడికి ఇవ్వడానికి వేరే ట్రోఫీ ఉందని వాళ్ళకి తెలియదు.

ముందు ఆ తేడా చూద్దాం. గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) కలిపి ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడికి ఆర్ట్ రాస్ ట్రోఫీ. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి రాకెట్ రిచర్డ్ ట్రోఫీ. ఈ రెండింటికీ ఓటింగ్ అక్కర్లేదు, మన ఐపీఎల్ ఆరెంజ్ క్యాప్ లాగా లెక్క చూసి ఇచ్చేస్తారు. 'అందరికంటే గొప్పగా ఆడినవాడు ఎవరు' అని ఆటగాళ్ళే ఓటేసి ఇచ్చేది టెడ్ లిండ్సే అవార్డు. హార్ట్ ట్రోఫీకి ఓటేసేది హాకీ విలేఖరులు. 1924 నుంచీ ఇస్తున్న ఈ ట్రోఫీ నిర్వచనం వేరు: 'తన జట్టుకు అత్యంత విలువైన ఆటగాడు'. అందులో 'తన జట్టుకు' అన్న ఆ రెండు ముక్కల చుట్టూనే వందేళ్ళుగా గొడవ.

ఐపీఎల్‌లో పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2016లో కోహ్లీ 973 పరుగులు చేశాడు. అలాంటి సీజన్ అంతకుముందు లేదు. అదే ఏడాది వార్నర్ 848 చేసి, కెప్టెన్‌గా మన సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చాడు. గొప్పగా ఆడింది కోహ్లీయే, అందులో అనుమానం లేదు. మరి తన జట్టుకు ఎక్కువ విలువైనవాడు ఎవరు? కోహ్లీ పక్కన డివిలియర్స్ ఉన్నాడు, గేల్ ఉన్నాడు. వార్నర్‌ని తీసేస్తే ఆ సన్‌రైజర్స్ బ్యాటింగ్‌లో ఏం మిగిలేది? ఈ ప్రశ్నకి మీ నోట వెంటనే ఏ పేరు వచ్చిందో గుర్తుపెట్టుకోండి. హార్ట్ ట్రోఫీలో మీరు ఏ వర్గమో అదే చెప్తుంది.

ముగ్గురు మనుషులు, మూడు పనులు

పోల్చడానికి 2024-25 సీజన్ కంటే మంచిది నాకు కనపడదు. తుది పోటీలో నిలిచిన ముగ్గురూ మూడు రకాల పనులు చేసేవాళ్ళు.

విన్నిపెగ్ జెట్స్ గోలీ (గోల్‌కి కాపలా కాసేవాడు) కానర్ హెల్లబక్: 63 మ్యాచ్‌లు, 47 గెలుపులు, మ్యాచ్‌కి సగటున 2.00 గోల్స్ ఇచ్చాడు, వచ్చిన షాట్లలో 92.5 శాతం ఆపాడు, 8 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. జట్టు గెలుపోటముల పట్టికలో 116 పాయింట్లతో లీగ్ మొత్తం మీద మొదటి స్థానం.

ఎడ్మంటన్ ఆయిలర్స్ సెంటర్ లియాన్ డ్రైసైటిల్: 71 మ్యాచ్‌ల్లో 52 గోల్స్, 54 అసిస్ట్‌లు, మొత్తం 106. ఆ ఏడాది 50 గోల్స్ దాటినవాడు లీగ్‌లో ఇంకొకడు లేడు.

టాంపా బే లైట్నింగ్ వింగర్ నికితా కుచెరోవ్: 78 మ్యాచ్‌ల్లో 37 గోల్స్, 84 అసిస్ట్‌లు, మొత్తం 121. ఆర్ట్ రాస్ ఈయనదే, అది మూడోసారి.

విలేఖరులు హెల్లబక్‌ని ఎంచుకున్నారు. 2015లో మాంట్రియల్ గోలీ కేరీ ప్రైస్ తర్వాత మళ్ళీ ఒక గోలీకి ఈ ట్రోఫీ రావడం అదే మొదటిసారి. డ్రైసైటిల్ రెండో స్థానం. ఆటగాళ్ళు మాత్రం తమ లిండ్సే అవార్డు కుచెరోవ్‌కి ఇచ్చారు. ఒకే సీజన్, ఒకే ఆట, ఓటు వేసేవాళ్ళు మారేసరికి పేరు మారింది. ఎవరూ తప్పు చెయ్యలేదు, వాళ్ళని అడిగిన ప్రశ్నలు వేరు.

గోలీ సంగతి కాస్త ఆగి చెప్పాలి, కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. హెల్లబక్ ఆట టీవీలో చూస్తే ఏమీ చేస్తున్నట్టు అనిపించదు. మిగతా గోలీలు గాల్లోకి ఎగిరి, కాళ్ళు చాపి, చివరి క్షణంలో గ్లవ్‌తో లాక్కుంటే హైలైట్స్‌లో వస్తుంది. ఈయన పక్‌కి (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఛాతీ అడ్డం పెట్టి నిలబడతాడు, అంతే. ఒకసారి గోల్ వెనక అద్దం దగ్గర సీటు దొరికితే కూర్చుని, పక్‌ని వదిలేసి గోలీ స్కేట్లనే చూడండి. పక్ అవతలి వింగ్‌కి వెళ్ళక ముందే స్కేట్ అరడుగు జరుగుతుంది. ముందుకు ఒక అడుగు వచ్చి షాట్‌కి కనపడే ఖాళీ తగ్గిస్తాడు. గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి సరైన చోట నిలబడితే కొట్టేవాడికి మూలల్లో రెండు చిన్న సందులు తప్ప ఏమీ మిగలవు. షాట్ వచ్చి చొక్కా మీది లోగోకి తగులుతుంది. జనం చప్పట్లు కూడా కొట్టరు. ఆ చప్పట్లు లేని సేవ్‌లే ఆ 92.5 శాతం.

డ్రైసైటిల్ దీనికి పూర్తిగా ఎదురు. గోల్ గీతకి దాదాపు సమానంగా, కుడివైపు, అసలు గోల్ కనపడని కోణంలో నిలబడతాడు. అక్కడి నుంచి కొడితే పక్క వలకి తగలాలి. అవతలి వైపు నుంచి సహచరుడు కానర్ మెక్‌డేవిడ్ పాస్ వస్తుంది, ఆపకుండా ఒకే దెబ్బ, పక్ పైమూలలో ఉంటుంది. గోలీ ఇంకా పక్కకి జరుగుతూనే ఉంటాడు. అదే చోట నుంచి మామూలు ఆటగాడు కొడితే కోచ్ తిడతాడు.

కుచెరోవ్ చేసేది ఆగడం. పవర్ ప్లేలో (ఎదుటి జట్టులో ఒకడు శిక్ష పడి బయట కూర్చున్నప్పుడు) కుడి గోడ పక్కన పక్ పట్టుకుని, ఎదుటివాళ్ళ ముగ్గురి చూపూ తనమీద పడేదాకా ఏమీ చెయ్యడు. అప్పుడు చూడకుండా పక్కవాడికి ఇస్తాడు.

'వాడు లేకపోతే' పరీక్ష, అందులో ఉన్న గుంట

అందరూ వాడే పరీక్ష ఒకటుంది: వాణ్ణి జట్టులోంచి తీసేసి చూడు, ఏం మిగులుతుంది?

దీనికి బాగా సరిపోయే ఉదాహరణ 2017-18. న్యూజెర్సీ డెవిల్స్ ఆటగాడు టేలర్ హాల్ 93 పాయింట్లు తెచ్చాడు. ఆ జట్టులో అతని తర్వాతివాడు నికో హిషియర్, 52. నలభై ఒక్క పాయింట్ల తేడా. హాల్ లేని ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళేది కాదని ఎవరైనా చెప్తారు. కొలరాడో ఆటగాడు నేథన్ మెకినన్ 97 తెచ్చినా, మెక్‌డేవిడ్ 108తో లీగ్‌లో మొదటివాడైనా, ట్రోఫీ హాల్‌కే వెళ్ళింది. మెక్‌డేవిడ్ జట్టు ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కే చేరలేదు మరి.

సరే, అదే పరీక్ష 2023-24కి పెట్టండి. కుచెరోవ్ 144, అతని జట్టులో తర్వాతివాడు బ్రేడెన్ పాయింట్ (ఇంటిపేరే పాయింట్) 90. మెకినన్ 140, అతని తర్వాతివాడు మిక్కో రాంటానెన్ 104. తేడా 54, 36. హాల్‌కి ఇచ్చిన న్యాయం ప్రకారం కుచెరోవ్‌కి రావాలి. మెకినన్‌కి వచ్చింది. మెకినన్ మంచు మీద ఉన్నప్పుడు మామూలు ఆటలో కొలరాడో కొట్టినవాటికీ ఇచ్చినవాటికీ తేడా +35, కుచెరోవ్‌కి +8 మాత్రమే అని వాదించారు. వాదన బాగానే ఉంది. కానీ ఆరేళ్ళ కిందట వాడిన కొలబద్ద అది కాదు. విలేఖరులు ముందు మనిషిని చూసుకుని తర్వాత కొలబద్ద వెతుక్కుంటారని నా అనుమానం. మన గ్రూపుల్లో మనం చేసేదీ అదే అనుకోండి.

ఆ పరీక్షలో అసలు గుంట ఇంకోటి. అది చేతకాని జట్టులో ఉన్నవాడికి బోనస్ మార్కులు వేస్తుంది. పక్కవాళ్ళు ఎంత నాసిగా ఉంటే మీ విలువ అంత పెరుగుతుంది. 1954లో ఇది చివరిదాకా వెళ్ళింది: 70 మ్యాచ్‌ల్లో 12 గెలిచి ఆఖరి స్థానంలో ఉన్న షికాగో జట్టు గోలీ ఆల్ రాలిన్స్‌కి హార్ట్ ట్రోఫీ ఇచ్చారు. ఇవాళ అలా ఇస్తే ఊరుకోరు. ఇప్పటి రివాజు అంతా 'జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళాలి' అన్నదాని మీదే నడుస్తుంది. అది నియమం కాదు, అలవాటు. 1988లో మారియో లెమ్యూ 168 పాయింట్లు తెచ్చినప్పుడు పిట్స్‌బర్గ్ ప్లేఆఫ్స్‌కి రాకపోయినా ట్రోఫీ ఆయనకే ఇచ్చారు.

2002లో మాత్రం ఆ అలవాటు జరోమ్ ఇగిన్లాని కొట్టిందని నా నమ్మకం. కాల్గరీ తరఫున 52 గోల్స్, 96 పాయింట్లు, రెండింటిలోనూ లీగ్‌లో మొదటివాడు. ఆటగాళ్ళ అవార్డూ అతనిదే. హార్ట్ ఓట్లలో మాంట్రియల్ గోలీ జోసే థియోడోర్‌తో మొత్తం పాయింట్లు సరిసమానం. మొదటి స్థానం ఓట్లు ఎక్కువ ఉన్నాయని థియోడోర్‌కి ఇచ్చారు. కాల్గరీ ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు, మాంట్రియల్ చివరి స్థానంలో ఎలాగో దూరింది. అంత దగ్గరి పోటీలో ఇగిన్లా పోగొట్టుకున్నది తన ఆట వల్ల కాదు.

మోటు లెక్క ఒకటి

ఇప్పుడు మన ముగ్గురి దగ్గరికి. సరిగ్గా దశాంశాలతో కాకుండా కిరాణా కొట్లో కాగితం మీద వేసే లెక్క వేస్తాను.

హెల్లబక్ 63 మ్యాచ్‌ల్లో ఇచ్చినవి సుమారు 125 గోల్స్. ఆ సీజన్‌లో లీగ్ సగటు గోలీ నూటికి 90 దరిదాపుల్లో ఆపాడు. అదే షాట్లు సగటు గోలీ మీదికి వస్తే 165 పైచిలుకు గోల్స్ పడేవి. అంటే దాదాపు 40 గోల్స్ మిగిల్చాడు. లెక్కలవాళ్ళు ఆరు గోల్స్‌కి ఒక గెలుపు అని వేసుకుంటారు, గెలుపుకి రెండు పాయింట్లు. సుమారు ఏడు గెలుపులు, 14 పాయింట్లు. జట్టు 116 లోంచి తీసేస్తే 102.

ఇక్కడే చిక్కొచ్చింది. లీగ్ పశ్చిమ విభాగంలో ప్లేఆఫ్స్‌కి చేరే గీత ఆ ఏడాది 96 పాయింట్ల దగ్గర పడింది. హెల్లబక్ బదులు సగటు గోలీ ఉన్నా విన్నిపెగ్ లోపలే ఉండేది. ఎందుకుండదు? 97 పాయింట్ల కైల్ కానర్, 87 పాయింట్ల మార్క్ షైఫ్లీ అదే జట్టు.

ఎడ్మంటన్ 101. డ్రైసైటిల్ బదులు ఒక సాదా ఫస్ట్ లైన్ సెంటర్‌ని పెట్టండి. 71 మ్యాచ్‌ల్లో 60 పాయింట్లు తెస్తాడనుకుందాం. తేడా 46. కానీ ఒక్కో గోల్‌కి కొట్టినవాడికి ఒకటి, పాస్ ఇచ్చిన ఇద్దరికి చెరొకటి, ఇలా పుస్తకంలో రెండు మూడు పాయింట్లు పడతాయి. కాబట్టి 46 పాయింట్లంటే నిజానికి 18 గోల్స్ చిల్లర. మూడు గెలుపులు, ఆరు పాయింట్లు. 101 లోంచి ఆరు తీస్తే 95. కాల్గరీ 96 తెచ్చి కూడా బయటే ఉండిపోయింది ఆ ఏడాది. పైగా మెక్‌డేవిడ్ ఆడింది 67 మ్యాచ్‌లే. అతను లేని రోజుల్లో బండి లాగింది డ్రైసైటిలే.

అంటే ఎక్కువ గోల్స్ విలువ తెచ్చింది హెల్లబక్, జట్టుని ఒడ్డున పడేసింది డ్రైసైటిల్. గోదావరి గట్టున బిందెడు నీళ్ళకీ, మే నెలలో అనంతపురంలో బిందెడు నీళ్ళకీ విలువ ఒకటేనా? కాదంటే మీ ఓటు డ్రైసైటిల్‌కి. బిందెలో ఎన్ని నీళ్ళున్నాయో చూడాలి గానీ అది ఎక్కడ దించారన్నది మోసినవాడి చేతిలో లేదంటారా, మీది హెల్లబక్ ఓటు.

కుచెరోవ్‌కి ఈ రెండు దారుల్లోనూ కాస్త వెనకబాటే. టాంపా 102తో తూర్పు విభాగం గీతకి పది పాయింట్ల పైన ఉంది. బ్రేడెన్ పాయింట్ 42 గోల్స్, గెంట్‌జెల్ 41, హేగెల్ 90 పాయింట్లు. 'వాళ్ళు అలా ఆడారంటే ఈయన పాస్‌ల వల్లే కదా' అంటారు టాంపావాళ్ళు. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టే ఇదీ. మీకు హార్ట్ ట్రోఫీ అంటే 'లీగ్‌లో బెస్ట్ ప్లేయర్' అనే అర్థమైతే మాత్రం ఇక ఆలోచించకండి, కుచెరోవ్.

గ్రూపులో తప్పకుండా వచ్చే మూడు వాదనలు

'గోలీకి వెజినా ట్రోఫీ ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?' ఇది నాకు అస్సలు నచ్చదు. పాయింట్లు తెచ్చినవాడికి ఆర్ట్ రాస్ ఉంది, గోల్స్ కొట్టినవాడికి రిచర్డ్ ఉంది. వాళ్ళని ఎవరూ 'నీకు వేరే ఉంది పో' అనరు. డిఫెన్స్‌మన్‌కి కూడా ఇదే అన్యాయం. ఆఖరుగా ఒక డిఫెన్స్‌మన్‌కి హార్ట్ వచ్చింది 2000లో, క్రిస్ ప్రాంగర్‌కి. అంతకుముందు బాబీ ఓర్, 1972. 2024-25లో కేల్ మకార్ 30 గోల్స్ కొట్టాడు, డిఫెన్స్‌మన్ అలా కొట్టడం 2009 తర్వాత అదే మొదలు. కొలంబస్‌లో జాక్ వెరెన్‌స్కీ 82 పాయింట్లు తెచ్చాడు. సీజన్‌కి ముందు ఆగస్టులో తమ స్టార్ జానీ గాడ్రో చనిపోయిన జట్టు అది. రెండే రెండు పాయింట్లతో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. 'తన జట్టుకు' అన్న మాటని అక్షరాలా పట్టుకునేవాళ్ళు వెరెన్‌స్కీ పేరు అసలు ఎందుకు ఎత్తరో నాకు అర్థం కాదు.

రెండోది: 'గోలీ మీద పడే గోల్స్ తగ్గడం డిఫెన్స్ గొప్పతనం కూడా కదా?' ఇది సరైన వాదన, దీనికి తల వంచుతాను. ఆ 40లో సగం విన్నిపెగ్ డిఫెన్స్‌కి రాసిచ్చేయండి. ఇరవై మిగులుతాయి. డ్రైసైటిల్ 18 పక్కన పెడితే గొంతు పెంచి అరిచేంత తేడా ఏం కాదు. డ్రైసైటిల్ ఆ ఏడాది వెనక్కి వచ్చి పక్ లాక్కోవడంలో కూడా బాగా మెరుగయ్యాడు, అది నా లెక్కలోకి రాలేదు. మరోవైపు, అతను 11 మ్యాచ్‌లు ఆడలేదు.

మూడోది ప్లేఆఫ్స్. మొదటి రౌండ్‌లో సెయింట్ లూయిస్ మీద హెల్లబక్‌ని మూడు మ్యాచ్‌ల్లో మధ్యలోనే తప్పించాల్సి వచ్చింది. ఏడో మ్యాచ్‌లో 1.6 సెకన్లు మిగిలుండగా స్కోరు సమం చేసి, రెండో ఓవర్‌టైమ్‌లో గెలిచి బయటపడ్డారు. తర్వాతి రౌండ్‌లో మా డాలస్ జట్టే విన్నిపెగ్‌ని ఇంటికి పంపింది. అటు డ్రైసైటిల్ ఒకే ప్లేఆఫ్స్‌లో నాలుగు ఓవర్‌టైమ్ గోల్స్ కొట్టి రికార్డు పెట్టి, ఫైనల్ దాకా వెళ్ళాడు. జూన్‌లో ట్రోఫీ చేతికిచ్చినప్పుడు 'ఈయనకా?' అని నవ్వినవాళ్ళు చాలామంది. ఓట్లు పడింది ప్లేఆఫ్స్ మొదలయ్యే లోపే. ప్లేఆఫ్స్ మొనగాడికి కాన్ స్మైత్ ట్రోఫీ విడిగా ఉంది. ఏప్రిల్ ఓటుని మే నెల ఆటతో తప్పుపట్టడం పరీక్ష రాసిన వాడి మార్కుల్ని ఇంటర్వ్యూ చూసి దిద్దడమే.

మీరు ఓటు వేసే ముందు ఒక పని చెయ్యండి. పేర్లు చూడకముందే, మూడు విషయాల మీద మీ మాట కాగితం మీద రాసుకోండి: ప్లేఆఫ్స్‌కి వెళ్ళని జట్టువాణ్ణి లెక్కలోకి తీసుకుంటారా? పక్కనున్న ఆటగాళ్ళ బలాబలాలకి మార్కులు వేస్తారా? గోలీనీ, డిఫెన్స్‌మన్‌నీ ఒకే తక్కెడలో తూస్తారా? తర్వాత పట్టిక తెరవండి. వచ్చిన పేరు నచ్చకపోతే కాగితం చింపొద్దు. నేను రెండుసార్లు చింపాను, 2024లో కూడా.

నా 2024-25 బ్యాలట్ ఇది. విలేఖరుల బ్యాలట్‌లో ఐదు పేర్లుంటాయి, వరసగా 10, 7, 5, 3, 1 మార్కులు. ఒకటి హెల్లబక్, రెండు డ్రైసైటిల్, మూడు కుచెరోవ్, నాలుగు వెరెన్‌స్కీ, ఐదు మెకినన్. మకార్‌ని వదిలెయ్యడం కష్టంగానే ఉంది. ఆఫీసులో నా పక్క సీట్లో ఎడ్మంటన్ నుంచి వచ్చినాయన ఉన్నాడు. మొదటి రెండు పేర్లు తారుమారు చెయ్యమని ఇప్పటికీ వారానికోసారి అడుగుతాడు, ఆ 18 గోల్స్ లెక్క తప్పని ఎక్సెల్ షీట్ కూడా పంపాడు. మూడో పేరు మీద మాత్రం మా ఇద్దరికీ పేచీ లేదు. టాంపాలో ఉండే మా బావమరిదికి ఇంకా చెప్పలేదు.